ఆకాశంలో వింత వెలుగు కనిపిస్తే ముందు గడియారం చూడాలి

ఎగిరే పళ్ళేలనుకున్నవి చాలావరకు ఉపగ్రహాలే * విచారణకు ఆధారం పల్లెవాసి చెప్పే వేళ, దిక్కు

సంగారెడ్డి: 2022 డిసెంబరు 7వ తేదీ బుధవారం నాటి సంగతి. ఆ ఉదయం హైదరాబాదు మీద ఆకాశంలో తెల్లటి గుండ్రని వస్తువొకటి కనిపించింది. విమానమనుకుందామంటే రెక్కలు లేవు, చప్పుడు లేదు. చుక్క అనుకుందామంటే పొద్దెక్కినా మాయం కాలేదు. నగరవాసులు మేడలెక్కి చూశారు. సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకున్నారు. తలా ఒక మాట అన్నారు. మధ్యాహ్నానికల్లా అది ఎగిరే పళ్ళెమన్న పుకారు షికారు చేసింది.

అదే రోజు వికారాబాదు జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఇంకో వింత జరిగింది. పెద్ద గుండు లాంటి శకటం ఒకటి ఆకాశం నుంచి వచ్చి చేలో దిగింది. లోపల మనిషి లేడు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాడు లేడు. మర్పల్లి మండలమంటే సంగారెడ్డి జిల్లాకు పొలిమేర. వార్త క్షణాల్లో ఊళ్ళు దాటింది. జనం తండోపతండాలుగా తరలివచ్చారు. పోలీసులు హుటాహుటిన చేరుకున్నారు.

విచారణలో తేలిందేమిటంటే ఆ రెండు వింతలూ ఒకటే. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి బెలూన్ల కేంద్రం ఉంది. ఆ తెల్లవారుజామున అక్కడి నుంచి ఒక బ్రహ్మాండమైన బెలూను పైకి లేచింది. దాని కింద కట్టిన శకటం స్పెయిన్ దేశానికి చెందిన హేలో స్పేస్ అనే కంపెనీది. రేపెప్పుడో డబ్బున్నవారిని అంత ఎత్తుకు తీసుకుపోయి భూమి గుండ్రదనం చూపించి దింపాలని ఆ కంపెనీ ఆలోచన. అందుకు ముందుగా ఖాళీ శకటాన్ని పంపి పరీక్షించారు. అది సుమారు 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, నాలుగు గంటల పైచిలుకు ఆకాశంలో ఉండి, మొగిలిగుండ్లలో దిగింది. పొద్దున నగరం చూసింది బెలూను, తరువాత ఊరు చూసింది దాని కింది బుట్ట.

మొగిలిగుండ్లలో ఎవరికీ ఏ హానీ జరగలేదు. కాని ఆ పూట ఊళ్ళోవారికి తెలియనిది, నగరంలో కొద్దిమందికే తెలిసినది ఒకటుంది. ఈ బెలూన్లు కొత్తవేమీ కావు. ఆ కేంద్రం 1969 నుంచి పని చేస్తోంది. ఏటా చలికాలంలో, అంటే ఇంచుమించు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, బెలూన్లు లేపుతారు. పలుచటి ప్లాస్టిక్ పొరతో చేసినవి. పైకి పోయి ఉబ్బినప్పుడు అడ్డం కొలత 50 నుంచి 85 మీటర్ల దాకా ఉంటుంది. లోపల హైడ్రోజన్ వాయువు. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తున తేలుతాయి. పని అయ్యాక పరికరాల పెట్టెను రంగుల పారాచూటు మీద కిందికి వదులుతారు. గాలి ఎటు తోస్తే అటు. విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపూర్ కలుపుతూ గీత గీస్తే ఆ గీత పొడుగునా, హైదరాబాదుకు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో ఎక్కడైనా పడవచ్చు. ముందే దింపితే మర్పల్లి లాంటి దగ్గరి మండలాల్లోనూ పడవచ్చు. సంగారెడ్డి జిల్లా ఆ గీత మీదనే ఉంది.

ఈ మాటలన్నీ ఏటా పత్రికల్లో ప్రకటనగా వస్తాయి. పెట్టె దొరికినవారు దాన్ని ముట్టకుండా పోలీసులకు కబురు చేయాలని, చేసినవారికి తగిన బహుమానం ఇస్తామని అందులో ఉంటుంది. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వచ్చే ఆ ప్రకటన మొగిలిగుండ్ల లాంటి ఊళ్ళో ఎంతమంది కంటబడుతుందన్నది వేరే సంగతి.

బీదరులో ఇంటి మీద

2025 జనవరి 18వ తేదీ శనివారం పొద్దున జహీరాబాదు అవతల బీదరు జిల్లాలో, హుమ్నాబాదు తాలూకా జలసంగి గ్రామంలో, ఒక ఇంటి కప్పు మీద ఇలాంటిదే వచ్చి పడింది. పెద్ద బెలూను గుడ్డ, దాని కింద పరికరాలు, మిణుకుమంటున్న దీపం. జనం హడలెత్తిపోయారు. పోలీసులు వచ్చి చూస్తే అందులో కన్నడంలో రాసిన చీటీ కనిపించింది. ముందు రోజు రాత్రి హైదరాబాదులో వదిలిన బెలూనే అది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

ఆ చీటీయే ఇక్కడ చెప్పుకోదగ్గది. ఎటు పడుతుందో తెలియని వస్తువు మీద పడినచోటి భాషలో నాలుగు మాటలు రాసి పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గాని, ఆ కాగితం ముక్క భయాన్ని గంటలో తీర్చింది. ఆకాశంలో కనిపించే తక్కిన వింతలకు చీటీలు ఉండవు. వాటికి విచారణ కావాలి.

దీపాల బారు

ఇటీవలి సంవత్సరాల్లో అందరినీ ఎక్కువగా బెదరగొట్టినవి బెలూన్లు కావు, ఉపగ్రహాలు. 2021 డిసెంబరు 3న సాయంత్రం పంజాబులో పఠాన్‌కోట్ వైపు ఆకాశంలో దీపాల బారు కదిలిపోయింది. అదే నెలలో కర్ణాటక తీరాన మంగుళూరు, ఉడుపి ప్రాంతాలవారూ చూశారు. రైలు డబ్బాల్లాగా ఒకదాని వెనుక ఒకటి, సమదూరంలో, చప్పుడు లేకుండా సాగిపోయే చుక్కలు. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లోనూ అదే వింత.

అవన్నీ అమెరికాకు చెందిన స్పేస్ ఎక్స్ కంపెనీ ఇంటర్నెట్ కోసం పంపుతున్న స్టార్‌లింక్ ఉపగ్రహాలని ఖగోళ శాస్త్రజ్ఞులు చెప్పారు. మొదటి విడత 60 ఉపగ్రహాలు 2019 మే నెలలో పోయాయి. 2025 నాటికి ఆ ఒక్క కంపెనీవే 8 వేలు దాటాయి. ఒకే రాకెట్లో కొన్ని పదులు పోతాయి. పోయిన మొదటి కొద్ది రోజులు తక్కువ ఎత్తున, ఒకదాని వెనుక ఒకటిగా బారులో ఉంటాయి. తరువాత దూరం దూరం జరిగి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుకు చేరుకుంటాయి. అప్పుడు విడివిడి చుక్కల్లాగానే కనిపిస్తాయి. బారు కనిపించిందంటే ఈ మధ్యనే ఎక్కడో రాకెట్ లేచిందన్నమాట.

ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు గదా, ఎలా కనబడుతుందని పల్లెల్లో చాలామంది అడిగే ప్రశ్న. దీనికి సమాధానం చెరువు కట్ట మీద చెట్టును చూసినవారికి తెలిసిందే. పొద్దు కుంకాక కింద నీడ పరచుకున్నా చెట్టు చిటారుకొమ్మ మీద కాసేపు ఎండ నిలుస్తుంది. ఎత్తున ఉన్నదానికి మనకంటే ఆలస్యంగా చీకటి పడుతుంది, మనకంటే ముందు తెల్లవారుతుంది. 40 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బెలూను మనకు పొద్దు కుంకిన తరువాత దాదాపు అరగంట సేపు ఎండలోనే మెరుస్తుంది. 550 కిలోమీటర్ల ఎత్తున నడినెత్తి మీద పోయే ఉపగ్రహానికి ఆ అరగంట గంటన్నర అవుతుంది. తెల్లవారుజామున కూడా ఇదే లెక్క తిరగేసి.

అందుకే ఈ వెలుగులు చూసినట్టు చెప్పేవారి కథల్లో వేళ దాదాపు ఒకటే ఉంటుంది. దీపాలు పెట్టిన గంటకో, కోడి కూసే వేళకో. నడిరాత్రి పన్నెండు గంటలకు తక్కువ ఎత్తు ఉపగ్రహం మన ఆకాశంలో మెరవడం అరుదు. అది భూమి నీడలో ఉంటుంది. సగం ఆకాశం దాటి ఉన్నట్టుండి ఆరిపోయే చుక్కను చూసి చాలామంది జడుసుకుంటారు. ఆరిపోవడం కాదది. ఎండలోంచి నీడలోకి పోవడం.

మనుషులుండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా సంగారెడ్డి మీదుగా పోతూనే ఉంటుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం. ఆ వేగంతో సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు నాలుగు సెకన్లు పట్టదు. భూమిని ఒక చుట్టు తిరిగి రావడానికి గంటన్నర చాలు. ఇక్కడి నుంచి చూసేవారికి అది ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు ఐదారు నిమిషాల్లో దాటిపోతుంది. మిణుకు లేదు, ఎర్ర దీపం లేదు, చప్పుడు లేదు. విమానమైతే ఎర్రవి, పచ్చవి దీపాలు కొట్టుకుంటూ ఉంటాయి.

పారిశ్రామికవాడ వారికి ఈ చూపు తక్కువే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం రాత్రిళ్ళు కర్మాగారాల దీపాలతో తెల్లగా ఉంటాయి. పొగ ఉండనే ఉంది. సన్నపాటి చుక్కలు అక్కడ కనబడవు. కనబడేవి బాగా మెరిసేవే. అందుకే మొదటి షిఫ్టుకు తెల్లవారుజామున కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ కార్మికుడికి ఒంటరిగా ఒక పెద్ద చుక్క కదిలిపోతూ కనిపిస్తే అది మరీ వింతగా తోస్తుంది. చుట్టూ పోల్చుకోవడానికి ఇంకో చుక్క ఉండదు. నారాయణఖేడ్ వైపు పల్లెల్లో ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. పిల్లలకోడి ఎంత ఎత్తుకొచ్చిందో చూసి మోటకు లేచిన తరం వారికి ఏ చుక్క ఎక్కడ ఉండాలో తెలుసు. ఉండకూడని చోట ఉన్నది వారి కంట వెంటనే పడేది.

సైన్యం చూసిన 329

ఆకాశాన్ని చూసి పొరపడేది పల్లెవారొక్కరే అనుకుంటే తప్పు. లడఖ్ సరిహద్దుల్లో 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా మన సైనికులు ఆకాశంలో వింత వెలుగులను 329 సార్లు చూసి లెక్క రాశారు. అందులో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి ఇటు వచ్చినట్టు రాశారు. చైనావారు నిఘా కోసం పంపిన డ్రోన్లేమోనన్నది అనుమానం. చిన్న విషయం కాదు. అటువంటి అనుమానం మీద తుపాకి పేలితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రజ్ఞులను అడిగారు. సైనికులు రాసిపెట్టిన వేళలు, దిక్కులు, ఎత్తులు వారు పట్టి చూశారు. ఆ రెండు వెలుగుల్లో ఒకటి శుక్రుడు, ఇంకొకటి గురుడు. ఉపగ్రహాలు కూడా కావు, గ్రహాలే. శుక్రుడంటే మన వేగుచుక్క. కొండల నడుమ పలుచటి గాలిలో అవి దీపాల్లాగా మెరిశాయి. భూమి తిరుగుతున్న కొద్దీ చుక్కలన్నిటితో పాటు అవీ జరుగుతుంటే కదిలి వస్తున్నట్టు తోచింది.

ఇందులో సైనికులను నవ్వవలసింది ఏమీ లేదు. మెచ్చుకోవలసింది ఉంది. చూసిన ప్రతిసారీ వారు వేళ, దిక్కు కాగితం మీద పెట్టారు. అది లేకపోతే బెంగుళూరులో కూర్చున్న శాస్త్రజ్ఞుడు చెప్పగలిగేది ఏమీ ఉండేది కాదు.

అధికారుల విచారణ అంటే చాలామంది ఏదో రహస్య యంత్రాలతో జరిగే పని అనుకుంటారు. అసలు పని మన ఊళ్ళో పట్వారీ నక్షా ముందు పెట్టుకుని సర్వే నంబరు చూసినట్టే. పెద్ద ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం, ఖాళీ రాకెట్ల డొక్కులతో సహా, ఎప్పుడు ఎక్కడ ఉంటుందో పట్టికలున్నాయి. జరిగిపోయిన రోజుకు కూడా లెక్కగట్టవచ్చు. ఫలానా తేదీ, ఫలానా నిమిషాన సంగారెడ్డి ఆకాశంలో ఏమేమి పోయాయో తీసి చూసిన మనిషి చెప్పినదానితో సరిపోలుస్తారు. దిక్కు, వేళ కలిస్తే అంతే, కేసు మూసేయడమే.

చిక్కంతా నిమిషం దగ్గరే. ‘రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య’ అంటే కుదరదు. పది నిమిషాల్లో ఉపగ్రహం నాలుగున్నర వేల కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఆ పది నిమిషాల తేడాతో ఉపగ్రహం కాస్తా వింత వస్తువైపోతుంది. సాక్షి అబద్ధమాడనక్కర లేదు, గడియారం చూడకపోతే చాలు.

కిటికీలు కూడా చూశారు

అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 దాకా ‘బ్లూ బుక్’ అనే పేరుతో ఇలాంటి ఫిర్యాదులు విచారించింది. మొత్తం 12,618. చివరకు తేలనివి 701. తేలినవాటిలో గ్రహాలు, బెలూన్లు, విమానాలతో పాటు ఉపగ్రహాలూ చాలా ఉన్నాయి. 1960 ఆగస్టులో పంపిన ‘ఎకో’ అన్న ఉపగ్రహం 30 మీటర్ల వెడల్పున్న వెండి రంగు బుడగ. అది పోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఎగిరే పళ్ళెం చూశామని ఫోను చేసేవారు.

ఆ ఫైళ్ళలో ఒకటి మాత్రం ఆగి చదవవలసింది. 1968 మార్చి 3వ తేదీ రాత్రి అమెరికాలో పలు రాష్ట్రాలవారు మండుతున్న వస్తువుల గుంపు ఆకాశాన పోవడం చూశారు. అది సోవియట్ దేశం జోండ్-4 అనే నౌకను పంపిన రాకెట్ తాలూకు ముక్కలు తిరిగి గాలిలోకి వచ్చి కాలిపోవడం. చూసినవారిలో చాలామంది విడివిడి నిప్పుముక్కలనే చెప్పారు. కొందరు మాత్రం అది చుట్ట ఆకారంలో ఉన్న ఒకే నౌక అనీ, దానికి కిటికీలున్నాయనీ, కిటికీల్లోంచి లోపలి వెలుతురు కనిపించిందనీ రాసి పంపారు. చదువుకున్నవారు, బాధ్యత గల మనుషులు. వారు కల్పించలేదు. చీకట్లో వరుసగా పోయే వెలుగులను చూస్తే మనసు వాటి మధ్య గోడ కట్టి ఓడను చేస్తుంది. కొలరాడో విశ్వవిద్యాలయం తరఫున ఎడ్వర్డ్ కాండన్ అధ్యక్షతన విచారణ జరిపినవారు 1969లో వెలువడిన నివేదికలో ఈ సంగతి వివరంగా రాశారు.

కాబట్టి పెద్ద ఓడ కనిపించిందని ఒకరు, కాదు దీపాలేనని ఇంకొకరు అంటే ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరని ఊళ్ళో తగవు పడనక్కర లేదు. ఇద్దరూ చూసింది ఒకటే కావచ్చు.

ఉగాది నాటి రాత్రి

కనిపించి పోయేవాటితో భయమే గాని నష్టం లేదు. కిందికి వచ్చేవి వేరు. 2022 ఏప్రిల్ 2, ఉగాది పండుగ. రాత్రి ఎనిమిది గంటలు కావస్తుండగా మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, అంటే మన ఆసిఫాబాదు పక్కనే, ఆకాశంలో నిప్పుల తోరణం నెమ్మదిగా సాగిపోయింది. కాసేపటికి సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామంలో సుమారు మూడు మీటర్ల అడ్డం కొలత గల ఇనుప చక్రం లాంటిది పడింది. చుట్టుపక్కల లోహపు గోళాలు దొరికాయి. అవి 2021 ఫిబ్రవరిలో చైనా పంపిన రాకెట్ పైభాగం తాలూకువని నిపుణులు తేల్చారు. మన అంతరిక్ష పరిశోధనా సంస్థ నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి చూసిపోయారు. నెల తిరిగేసరికి మే నెలలో గుజరాత్‌లోని ఆనంద్, ఖేడా జిల్లాల పొలాల్లో అలాంటి గోళాలే పడ్డాయి.

తోకచుక్క రాలినట్టు కనిపించేది ఏది, రాకెట్ తునక ఏది అని పోల్చుకోవడం కష్టం కాదు. రాలే చుక్క కన్ను మూసి తెరిచేలోగా పోతుంది. రాకెట్ డొక్కు నిమిషం దాకా సాగుతుంది, దారిలో ముక్కలవుతుంది.

ఈ మాట వస్తే పెద్దలకు స్కైలాబ్ గుర్తుకు రాక మానదు. 77 టన్నుల ఆ అమెరికా ప్రయోగశాల 1979 జూలై 11వ తేదీ రాత్రి పడింది. అంతకు ముందు కొన్ని వారాల పాటు తెలంగాణ పల్లెలు నిద్రపోలేదు. ఎలాగూ పోతాం గదా అని కోళ్ళను, మేకలను కోసుకు తిన్నవారి ముచ్చట్లు, చేతికొచ్చిన ధరకు ఆస్తులమ్ముకున్నవారి కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాటి మీద 2021లో తెలుగులో సినిమా కూడా వచ్చింది. ఆ ముక్కలు చివరకు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. ఒక్క మనిషికి గాయం కాలేదు. అక్కడి ఎస్పరెన్స్ ఊరి పాలకవర్గం మా ఊళ్ళో చెత్త వేసినందుకు అని అమెరికా వారికి 400 డాలర్ల జరిమానా వేసింది. మన పల్లెల్లో మేకలమ్ముకున్నవారి నష్టానికి జరిమానా ఎవరి మీద వేయాలి?

నిజంగా ఆకాశం నుంచి పడి నష్టం జరిగితే దారి ఉంది. 1972లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పంపిన దేశం నష్టపరిహారం ఇచ్చుకోవాలి. అందులో మన దేశం కూడా చేరింది. 1978 జనవరిలో సోవియట్ ఉపగ్రహం కాస్మాస్-954 కెనడాలో పడి మంచు నేల మీద అణుధార్మిక ముక్కలు చెదిరితే, సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. అయితే ఆ దావా వేయవలసింది రైతు కాదు, ప్రభుత్వం. ప్రభుత్వం చేతిలో ఉండవలసింది పంచనామా. ఏ సర్వే నంబరులో పడింది, ఎంత మేర పంట పోయింది, ఎవరు ముందు చూశారు, ఎన్ని గంటలకు అన్నది అప్పుడే రాయించుకోకపోతే తరువాత ఎవరు వింటారు? బెలూను దిగిన చేలో కూడా అంతే. పడ్డ పెట్టె తొక్కేది గజం నేల. చూడ వచ్చిన జనం తొక్కేది ఎకరం.

ముట్టవద్దనడం ఊరికే అనే మాట కాదు. రాకెట్ గోళాల్లో హైడ్రజీన్ అనే విషపు ఇంధనం మిగిలి ఉండవచ్చు. పీల్చినా, చేతికి అంటినా ప్రమాదమే. బెలూను గుడ్డలో మిగిలిన హైడ్రోజన్‌కు బీడీ నిప్పు చాలు. పటాన్‌చెరు చుట్టుపట్ల లేతు మిషన్ల మీద పని చేసి లోహాల పోకడ తెలిసినవారు ఇంటింటికీ ఉన్నారు. దొరికిన ముక్కను చేత్తో ఎత్తి ఇది టైటానియమా, అల్యూమినియమా అని చూడాలనిపించడం సహజం. పాత ఇనుము కొట్టుకు వేస్తే నాలుగు డబ్బులొస్తాయనిపించడం కూడా సహజమే. రెండూ ఆపుకోవలసినవి. ఆ ముక్క మీద ఉండే అంకెలే అది ఎవరిదో చెబుతాయి.

తేలనివీ ఉన్నాయి

ప్రతిదీ ఉపగ్రహమేనని కొట్టిపారేసే అధికారి కూడా విచారణ చేసినట్టు కాదు. 2023 నవంబరు 19న మణిపూర్‌లో ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర పగటిపూట వింత వస్తువు కనిపించిందని విమానాల రాకపోకలు గంటల తరబడి ఆపేశారు. వైమానిక దళం రఫేల్ విమానాలను పంపి వెతికించింది. ఏమీ దొరకలేదు. అమెరికా రక్షణ శాఖలో దీనికోసమే పెట్టిన కార్యాలయానికి 2023 మే నుంచి 2024 జూన్ దాకా 757 ఫిర్యాదులు అందాయి. బెలూన్లు, పక్షులు, డ్రోన్లు, ఉపగ్రహాలని చాలా తేలాయి. స్టార్‌లింక్‌ను చూసి పొరబడేవారు పెరుగుతున్నారని ఆ కార్యాలయమే రాసింది. 21 మాత్రం ఇంకా లోతుగా చూడవలసినవని పక్కన పెట్టారు. ఇతర లోకాల వారి జాడ దేనిలోనూ దొరకలేదని కూడా చెప్పారు.

ఫ్రాన్స్ పద్ధతి మన జిల్లాకు పనికొచ్చేలా ఉంది. అక్కడ 1977 నుంచి అంతరిక్ష సంస్థలోనే దీనికొక విభాగం ఉంది. పల్లెల్లో ఎవరైనా వింత చూస్తే స్థానిక పోలీసు స్టేషనుకు పోతారు. వారు నవ్వకుండా వాంగ్మూలం రాసుకుని ఆ విభాగానికి పంపుతారు. విచారణలో తేలినది పేర్లు తీసేసి అందరూ చూసేలా పెడతారు. నూటికి మూడు నాలుగు తప్ప తక్కినవి ఏదో ఒక విధంగా తేలుతున్నాయి, లేదా వివరాలు చాలక ఆగిపోతున్నాయి.

మన దగ్గర అలాంటి ప్రత్యేక విభాగం లేదు. పోలీసులు, తహశీల్దారు, కలెక్టరు, అక్కడి నుంచి శాస్త్రజ్ఞులు, ఇదే దారి. దారి ఉన్నా తిరుగు దారి కనబడదు. పైవారు తేల్చినది ఊరికి తిరిగి రావడం అరుదు. వింత పడ్డ రోజు వందమంది చూస్తారు, అది ఏమిటో తేలిన రోజు చెప్పడానికి ఎవరూ రారు. ఆ ఖాళీలోనే పుకారు గూడు కట్టుకుంటుంది. జిల్లాలోనే కంది దగ్గర ఐ.ఐ.టి. ఉంది. హైదరాబాదు బాలానగర్‌లో ఉపగ్రహాల చిత్రాలు చదివే జాతీయ కేంద్రం ఉంది. ఇంత చదువు ఇంత దగ్గర పెట్టుకుని, పంచాయతీ బోర్డు మీద నాలుగు వాక్యాల వివరణ అంటించలేకపోవడం విడ్డూరం.

చూసినవారు చేయగలిగింది చిన్న పనే. ముందు సెల్‌ఫోనులో నిమిషం చూసుకోవాలి. వేళ గుర్తుకు ఒక్క ఫొటో తీసినా చాలు, ఫోను తానే నిమిషంతో సహా రాసుకుంటుంది. తరువాత దిక్కు. గుడి వైపా, చెరువు వైపా, ఏ కంపెనీ గొట్టం మీద అని చెప్పినా, నిలబడ్డ చోటు తెలిస్తే అధికారులు దిక్కు లెక్కగట్టుకోగలరు. ఎత్తు చెప్పడానికి చేయి బారచాచి పిడికిలి పట్టి నేల అంచు నుంచి ఎన్ని పిడికిళ్ళో లెక్కబెట్టాలి. ఒక పిడికిలి సుమారు పది డిగ్రీలు, తొమ్మిది పిడికిళ్ళు నడినెత్తి. ఎటు నుంచి ఎటు పోయింది, ఎంతసేపు కనిపించింది, మెరుస్తూ పోయిందా మిణుకుతూ పోయిందా, ఎక్కడ ఆరిపోయింది అన్నవి పక్కవారితో మాట్లాడకముందే రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది. నలుగురు కూడి మాట్లాడుకున్నాక నలుగురి కథ ఒకటైపోతుంది. అందులో కిటికీలు కూడా చేరవచ్చు. ఏదైనా కింద పడితే పిల్లలను, పశువులను దూరం పెట్టి 100కో 112కో ఫోను చేయాలి.

వానాకాలం నాలుగు నెలలూ మబ్బు వల్ల ఈ గొడవ అంతగా ఉండదు. దసరా దాటితే ఆకాశం విప్పుకుంటుంది. బెలూన్ల కాలం మొదలయ్యేదీ, పత్రికల్లో ఆ చిన్న అక్షరాల ప్రకటన వచ్చేదీ అప్పుడే.